క్షతగాత్రుల సేవలో క్లారా బార్టన్

యుద్ధాన్ని గురించి వ్రాసేటప్పుడు చరిత్రకారులు సేనానుల పేర్లు చెబుతారు. గెలిచిన కోటలను, ఓడిన రాజ్యాలను లెక్కిస్తారు. గుండు దెబ్బ తిన్న సిపాయి రాత్రంతా పొలంలో పడి దాహంతో అలమటించిన సంగతి ఆ పుటలలో అరుదుగా కనిపిస్తుంది. అతని నోట గుక్కెడు నీళ్ళు పోసినవారి పేరు అంతకన్నా అరుదు. ఇందుకు భిన్నంగా చరిత్రలో నిలిచిన కొద్దిమందిలో అమెరికా దేశీయురాలైన క్లారా బార్టన్ ఒకరు. ఆమె సేనను నడపలేదు, వైద్యవిద్య అభ్యసించలేదు, యుద్ధం మొదలైననాడు ఒక ప్రభుత్వ కార్యాలయంలో దస్తావేజులకు నకళ్ళు వ్రాసే గుమాస్తా మాత్రమే. అయినా 1861 నుండి 1865 వరకు సాగిన అమెరికా అంతర్యుద్ధపు వైద్యచరిత్రను ఆమె పేరు లేకుండా వ్రాయడం సాధ్యం కాదు.

క్లారా 1821వ సంవత్సరం డిసెంబరు 25వ తేదీన మసాచుసెట్స్ రాష్ట్రంలోని నార్త్ ఆక్స్‌ఫర్డ్‌లో జన్మించింది. ఐదుగురు సంతానంలో ఆమె కడగొట్టు బిడ్డ. తండ్రి స్టీఫెన్ బార్టన్ వ్యవసాయదారుడు. యౌవనంలో సైన్యంలో పనిచేసినవాడు. ఆయన చెప్పిన యుద్ధకథలు వింటూ పెరిగిన ఆ బాలికకు దండు కదలికలు, సైన్యపు హోదాలు పసితనంలోనే పరిచయమయ్యాయి. స్వభావరీత్యా మాత్రం ఆమె మిక్కిలి బిడియస్తురాలు. పరాయివారి ఎదుట నోరు విప్పేది కాదు. ఆమెకు దాదాపు పదకొండేళ్ళ ప్రాయంలో అన్న డేవిడ్ పశువులకొట్టం కప్పు మీదనుండి జారిపడ్డాడు. ఆనాటి వైద్యులు జ్వరం తగ్గడానికి జలగలు పట్టించేవారు. ఆ జలగలను పెట్టడం, మందు త్రాగించడం, రాత్రుళ్ళు మేల్కొని ఉండడం అన్నీ ఆ చిన్నపిల్ల తనపై వేసుకొన్నది. సుమారు రెండేళ్ళపాటు అన్న మంచాన్ని విడువలేదు. తన బిడియాన్ని మరచిపోయే చోటు రోగి పడక ప్రక్కన ఉన్నదని ఆమెకు తెలిసివచ్చింది అప్పుడే.

పదిహేడు, పద్ధెనిమిదేళ్ళ వయస్సులో ఆమె ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించింది. పదేళ్ళకుపైగా పాఠాలు చెప్పిన తరువాత 1852లో న్యూజెర్సీ రాష్ట్రంలోని బోర్డెన్‌టౌన్ పట్టణానికి వెళ్ళింది. అక్కడ రుసుము కట్టగలిగినవారి పిల్లలకే చదువు. బీదల పిల్లలు వీధులలో తిరుగుతూ ఉండడం చూచి ఆమె ఉచిత పాఠశాల పెట్టడానికి పూనుకొన్నది. మొదటి రోజు వచ్చినవారు ఆరుగురు. అనతికాలంలోనే ఆ సంఖ్య వందలకు పెరిగింది. పట్టణంవారు క్రొత్త భవనం కట్టించారు. భవనం పూర్తికాగానే అంత పెద్ద బడిని ఒక స్త్రీ చేతిలో ఉంచడం తగదని తలచి, ఆమెకన్నా హెచ్చు జీతంతో ఒక పురుషుని ప్రధానోపాధ్యాయుడుగా నియమించారు. తాను నాటిన చెట్టు నీడలో తనకే చోటు లేకపోవడం ఆమె సహించలేదు. ఉద్యోగం వదలి 1854లో రాజధాని వాషింగ్టన్ చేరి, పేటెంటు కార్యాలయంలో గుమాస్తాగా కుదురుకొన్నది. పురుషులతో సమానమైన జీతం పొందిన ఆమెకు అక్కడా సుఖం లేదు. తోటివారి ఎగతాళిని భరించవలసివచ్చింది. తరువాత జీతం పోయి, వ్రాసిన మాటల లెక్కన కూలి ముట్టేది. 1857లో ఆ పని కూడ పోయింది. లింకన్ అధ్యక్షుడుగా ఎన్నికైన దరిమిలా 1860లో తిరిగి అదే కార్యాలయానికి వచ్చింది.

1861 ఏప్రిల్‌లో యుద్ధం ప్రారంభమైంది. ఆ నెల 19వ తేదీన వాషింగ్టన్‌కు వస్తున్న ఆరవ మసాచుసెట్స్ పటాలంపై బాల్టిమోర్ నగరంలో అల్లరిమూకలు దాడిచేశాయి. దెబ్బలు తిన్న సిపాయిలు సామాను పోగొట్టుకొని రాజధానికి చేరారు. వసతి లేక వారిని శాసనసభా భవనంలోని సెనేటు మందిరంలో దించారు. వారిలో క్లారా ఎరిగినవారు, చిన్ననాడు ఆమె వద్ద చదువుకొన్నవారు ఉన్నారు. ఆమె తన ఇంటిలోని దుప్పట్లు చించి చేతిగుడ్డలు చేసింది. సూదీదారం, తినుబండారాలు మోయించుకొని వెళ్ళింది. స్వస్థలపు పత్రికలో ప్రకటన వేయించగా ఊరూర నుండి పెట్టెలు రాసాగాయి. కొద్దినెలలలో ఆమె నివసించే గది గోదాముగా మారింది.

ఆ యుద్ధంలో సిపాయికి అసలు శత్రువు ఎవరో ఇక్కడ చెప్పుకోవాలి. మృతుల సంఖ్య సుమారు 6,20,000 అని చిరకాలంగా చెప్పుతూవచ్చారు; 2011లో జనాభా లెక్కల ఆధారంగా జరిగిన పరిశోధన దానిని 7,50,000 వరకు పెంచింది. ఉత్తర సైన్యంలోనే సుమారు 3,60,000 మంది మరణించగా, అందులో తుపాకిగుండ్లకు, ఫిరంగులకు బలియైనవారు సుమారు 1,10,000 మంది మాత్రమే. తక్కినవారిలో అత్యధికులను రోగాలు మ్రింగివేశాయి. అతిసారం, జిగట విరేచనాలు, విషజ్వరం, న్యుమోనియా, మలేరియా దండులను చుట్టుముట్టాయి. దూరపు పల్లెలలో పెరిగిన యువకులు వేలసంఖ్యలో ఒకచోట చేరగానే, బాల్యంలో సోకని తట్టు వారిపై విరుచుకుపడేది. మరుగుదొడ్ల గుంటలు త్రవ్విన చోటికి దగ్గరలోనే త్రాగునీరు తోడుకొనేవారు. ఉప్పుమాంసం, రాయివంటి రొట్టె తప్ప కూరగాయలు దొరికేవి కావు. సూక్ష్మక్రిములే వ్యాధికారణమన్న సిద్ధాంతం ఇంకా వైద్యలోకానికి అందలేదు. గాయాలను క్రిమిరహితం చేసే పద్ధతిని లిస్టర్ ప్రకటించినది 1867లో, అంటే ఆ యుద్ధం ముగిసిన రెండేళ్ళకు.

శస్త్రచికిత్స సంగతి కూడ అంతే. ఆనాడు వాడిన మినీ తూటా మెత్తని సీసంతో చేసినది. ఎముకను తాకితే విరగగొట్టడమే కాక తునాతునకలు చేసేది. అటువంటి కాలును, చేతిని తీసివేయడం తప్ప వైద్యునికి వేరు మార్గం కనిపించేది కాదు. మత్తు లేకుండానే కోసేవారన్న ప్రచారం ఉన్నది కాని అది నిజం కాదు; చాలవరకు శస్త్రచికిత్సలు క్లోరోఫారం, ఈథరు ఇచ్చి చేసినవే. ప్రమాదం వేరొక చోట ఉన్నది. ఒకని గాయాన్ని తుడిచిన నీటితోనే మరొకని గాయాన్ని తుడిచేవారు. రంపాన్ని తమ వస్త్రానికే తుడుచుకొని మరల కోసేవారు. కత్తికి ఓర్చుకొన్నవాడు వారం తిరిగేలోపల చీము పట్టి, జ్వరం తగిలి మరణించేవాడు. దోషం వైద్యుల మనస్సులో లేదు; వారికి అందని జ్ఞానంలో ఉన్నది.

జ్ఞానంతోపాటు ఏర్పాట్లు కూడ లేవు. యుద్ధం మొదలైనప్పుడు అమెరికా సైన్యంలో ఉన్న వైద్యులు సుమారు నూరుమంది. గాయపడినవారిని మోసుకురావడానికి శిక్షణ పొందిన దళమే లేదు. ఈ స్థితిలో పౌరులే ముందుకు వచ్చారు. 1861 జూన్‌లో ఏర్పడిన ఆరోగ్య సంఘం దండుల శుభ్రతను పరీక్షించి, విరాళాలను సేకరించి పంపేది. డొరొతియా డిక్స్ అనే సంఘసేవిక నర్సుల అధినేత్రిగా నియమితురాలై, ముప్పయి ఏళ్ళు దాటినవారు, నిరాడంబరంగా ఉండేవారు మాత్రమే రావాలని నియమం పెట్టింది. ఆ స్త్రీలు పనిచేసినవి ఎక్కువగా నగరాలలోని ఆస్పత్రులలో. అక్కడికి చేరేలోపలే ఎందరో దారిలో ప్రాణాలు విడుస్తున్నారన్నది క్లారా బార్టన్ గమనించిన సత్యం. కనుక తాను ఉండవలసిన చోటు యుద్ధభూమియే అని ఆమె నిశ్చయించుకొన్నది.

నిశ్చయించుకోవడం సులభం, వెళ్ళడం సులభం కాదు. కులస్త్రీలు దండు వెంట తిరగడం అపవాదుకు మూలమని ఆనాటి సమాజం తలచేది. ఆ శంక ఆమెనూ పీడించింది. మరణశయ్యపై ఉన్న తండ్రి ఆమె సంకల్పాన్ని ఆశీర్వదించి, 1862 మార్చిలో కన్నుమూశాడు. ఆమె తిరిగివచ్చి అధికారుల గుమ్మాలు ఎక్కి దిగింది. ఎట్టకేలకు ఆగస్టులో సామగ్రితో రణరంగానికి వెళ్ళే అనుమతి, బండ్లు లభించాయి. ఆ నెల 9వ తేదీన సెడార్ మౌంటెన్ వద్ద పోరు జరిగింది. నాలుగు రోజులకు ఆమె కల్పెపర్ చేరి, ఉత్తరాదివారికి, పట్టుబడిన దక్షిణాదివారికి కూడ కట్లు కట్టింది.

ఆ ఆగస్టు చివరనే రెండవ బుల్‌రన్ యుద్ధం జరిగి ఉత్తర సైన్యం ఘోరంగా ఓడింది. వేలాది క్షతగాత్రులను ఫెయిర్‌ఫాక్స్ రైలుస్టేషను ప్రక్కన కొండవాలున ఎండుగడ్డి పరచి పడుకోబెట్టారు. అక్కడకు క్లారా మరికొందరు స్త్రీలతో చేరింది. ఉన్న పాత్రలు అతి కొద్ది; ఒకరు త్రాగిన తరువాత అదే పాత్ర మరొకరికి. పండ్ల డబ్బాలు ఖాళీ కాగానే వాటినే గిన్నెలుగా వాడారు. చీకటి పడ్డది. మైనపువత్తి చేతబట్టి గడ్డిమీద పడి ఉన్న మనుషుల మధ్య నడవాలి. ఒక్క నిప్పురవ్వ జారిందా, ఆ కొండవాలంతా మంటలపాలు కావలసినదే. ఆ భయంతోనే తెల్లవార్లు సేవచేశారు. కడపటి బండి వరకు క్షతగాత్రులను రైలులో ఎక్కించిన తరువాతనే ఆమె కదిలింది. ఆ వెంటనే శత్రువుల ఆశ్వికదళం ఆ స్టేషనును చేరింది.

1862 సెప్టెంబరు 17న మేరీలాండ్ రాష్ట్రంలో ఆంటీటం వాగు ఒడ్డున జరిగిన పోరులో ఒక్క రోజున ఇరుప్రక్కలా హతులు, క్షతులు, ఆచూకీ లేనివారు కలిసి సుమారు 23,000 మంది. ముందురోజుల అనుభవంతో క్లారా ఒక యుక్తి పన్నింది. సైన్యపు వరుసలో సామగ్రి బండ్లు అన్నిటికన్నా వెనుక నడుస్తాయి. ఆమె రాత్రివేళ తక్కినవారు నిద్రిస్తూ ఉండగా తన బండ్లను ముందుకు నడిపించి ఫిరంగుల వెంబడి చేర్చింది. ఒక వ్యవసాయ క్షేత్రంలోని ఇంటిలో వైద్యులు కట్టుగుడ్డలు అయిపోయి మొక్కజొన్న కంకుల పైడొప్పలతో గాయాలు కట్టుతూ ఉన్నారు. ఆమె తెచ్చిన గుడ్డలు సరిగా ఆ సమయానికి అందాయి. చీకటి పడి ఉన్న ఒక్క వత్తీ కరగిపోతూ ఉంటే వైద్యుడు నిస్పృహ చెందాడు. ఆమె బండినుండి లాంతర్లు దింపించింది. ఆ పగలు ఆమె ఒక సిపాయి తల ఎత్తి నీళ్ళు త్రాగిస్తూ ఉండగా ఒక తూటా ఆమె చొక్కాచేతిని చీల్చుకొని పోయి అతని ప్రాణం తీసింది. ఆ చిరుగును ఆమె ఎన్నడూ కుట్టుకోలేదట. మరొకడు దవడలో దిగిన గుండు బాధ భరించలేక ప్రాధేయపడగా, తన జేబుకత్తితోనే దానిని తీసివేసింది. పోరు ముగిసిన తరువాత ఆమెకే తీవ్రజ్వరం తగిలి, బండిలో పడుకోబెట్టి వాషింగ్టన్ చేర్చవలసివచ్చింది. సేవచేయ వచ్చినవారినీ దండు రోగాలు విడువలేదు.

న్యాయంగా చెప్పాలంటే ఆంటీటంలో క్షతగాత్రులను రక్షించినది బార్టన్ ఒక్కతే కాదు. ఆ వేసవిలోనే పోటోమాక్ సైన్యపు వైద్యాధికారిగా వచ్చిన జోనథన్ లెటర్‌మన్ అంబులెన్సు బండ్లకు ప్రత్యేక దళాన్ని ఏర్పరచాడు. పోరు జరిగే చోటికి దగ్గరలో కట్లు కట్టే కేంద్రం, దాని వెనుక శస్త్రచికిత్సకు క్షేత్ర ఆస్పత్రి, దూరాన నగరంలో పెద్ద ఆస్పత్రి అనే మూడు మెట్ల పద్ధతిని పాదుకొల్పాడు. ఎవరికి ముందు చికిత్స కావాలో వేరుచేసి చూడడం అందులో భాగం. బుల్‌రన్‌లో రోజుల తరబడి పొలాలలో పడి ఉన్న క్షతగాత్రులు, ఆంటీటంలో చాలవరకు మరునాటికే వైద్యుల చెంతకు చేరారు. 1864 మార్చిలో అంబులెన్సు దళం చట్టరూపం దాల్చింది. ఒక వ్యక్తి కరుణ పదిమందిని బ్రతికిస్తుంది. మంచి ఏర్పాటు పదివేలమందిని బ్రతికిస్తుంది. ఈ రెంటిలో ఏది లేకున్నా రెండవది కుంటుపడుతుంది. బార్టన్ జీవితంలోని ఉత్తరభాగమంతా ఈ పాఠాన్ని నేర్చుకోవడమే.

1862 డిసెంబరులో ఫ్రెడరిక్స్‌బర్గ్ వద్ద ఫిరంగి గుండ్ల మధ్య ఆమె నది దాటి వెళ్ళి సేవచేసింది. ఒక గుండు పెంకు ఆమె పావడా అంచును చింపింది. 1863 వేసవిలో దక్షిణ కెరొలైనా తీరాన ఫోర్టు వాగ్నర్‌పై దాడి జరిగింది. అందులో ముందు నిలిచినది నల్లజాతి సిపాయిలతో కూడిన 54వ మసాచుసెట్స్ పటాలం. ఆ ఇసుకదిబ్బలలో బార్టన్ గాయపడినవారి రంగు చూడక సేవచేసింది. 1864 మేలో వైల్డర్‌నెస్ యుద్ధం తరువాత ఫ్రెడరిక్స్‌బర్గ్ మరల క్షతగాత్రులతో నిండిపోయింది. బురదలో దిగబడిన బండ్లలోనే సిపాయిలు పడి ఉన్నారు. పట్టణంలోని పెద్ద ఇండ్ల తలుపులు మాత్రం తెరుచుకోలేదు. యజమానులను నొప్పించడానికి కొందరు అధికారులు వెనుకాడారు. బార్టన్ కన్నీరు పెట్టుకొని కూర్చుండలేదు. వెంటనే వాషింగ్టన్ చేరి, సెనేటరు హెన్రీ విల్సన్‌ను కలిసి పరిస్థితి వివరించింది. ఆయన ఆ రాత్రియే యుద్ధశాఖను కదిలించగా, మరునాటికి ఆ తలుపులు తెరుచుకొన్నాయి, ఆహారం అందింది. ఆ రోజున ఆమె కట్టిన కట్లు కొన్నే కావచ్చు. ఆమె చేసిన ప్రయాణం వలన నీడ దొరికినవారు ఎందరో.

యుద్ధం ముగిసింది, తల్లుల నిరీక్షణ ముగియలేదు. ఆ కాలపు సిపాయిలకు ప్రభుత్వమిచ్చిన గుర్తింపు బిళ్ళలు లేవు. కొందరు పోరుకు ముందు తమ పేరు కాగితంపై వ్రాసుకొని కోటుకు గ్రుచ్చుకొనేవారు. వేలమంది పేరు తెలియని గుంటలలో పూడ్చబడ్డారు. 1865 మార్చిలో లింకన్ ఆమోదం పొంది బార్టన్ వాషింగ్టన్ ఏడవ వీధిలోని తన గదులలోనే ఆచూకీ తెలియని సిపాయిల కార్యాలయం తెరచింది. పేర్ల పట్టికలు అచ్చువేయించి ఊరూర పంచింది; తెలిసినవారు తెలియజేయాలని కోరింది. 1868లో మూసేనాటికి ఆ కార్యాలయం 63,000 పైగా ఉత్తరాలకు జవాబులు వ్రాసి, 22,000 పైగా సిపాయిల సమాచారాన్ని వారివారి కుటుంబాలకు అందించింది.

ఆ కృషిలో ముఖ్యమైనది జార్జియా రాష్ట్రంలోని ఆండర్సన్‌విల్ చెరసాల. అక్కడ పధ్నాలుగు నెలలలో బంధించబడిన సుమారు 45,000 మంది ఉత్తరాది సిపాయిలలో దాదాపు 13,000 మంది ఆకలితో, రక్తపిత్తరోగంతో, విరేచనాలతో మరణించారు. ఖైదీయైన డోరెన్స్ ఆట్‌వాటర్ అనే యువకుని చేత చెరసాల అధికారులు మృతుల జాబితా వ్రాయించేవారు. అతడు రహస్యంగా మరొక ప్రతి వ్రాసుకొని విడుదలైనప్పుడు వెంట తెచ్చాడు. 1865 వేసవిలో బార్టన్, ఆట్‌వాటర్, సైన్యపు పనివారితో కలిసి వెళ్ళి జాబితాలోని సంఖ్యలను సమాధుల వరుసతో సరిపోల్చి పేరుపేరునా పలకలు నాటించారు. పేరు తెలియనివి 460 మాత్రమే మిగిలాయి. ఆగస్టు 17న ఆ శ్మశానంలో జాతీయపతాకాన్ని ఎగురవేసినది ఆమెయే. జబ్బుపడిన దేహానికి మందు ఇవ్వడం ఒక సేవ; చనిపోయినవానికి అతని పేరు తిరిగి ఇవ్వడం మరొక సేవ. రెండవదానివల్ల బ్రతికినవారి గుండెకోత కొంత చల్లారుతుంది.

ఎడతెగని శ్రమతో ఆరోగ్యం చెడి 1869లో ఆమె విశ్రాంతికై యూరపుకు వెళ్ళింది. జెనీవాలో డాక్టర్ లూయీ ఆపియా ఆమెను కలిశాడు. 1859లో సోల్ఫెరినో రణరంగాన్ని చూచి చలించిన హెన్రీ డ్యునాంట్ ప్రేరణతో రెడ్‌క్రాస్ ఏర్పడినదని, 1864 జెనీవా ఒప్పందం క్షతగాత్రునికి శత్రుత్వం లేదని నిర్ణయించినదని ఆమె అప్పుడే విన్నది. తాను ఒంటరిగా చేసినదానిని ముందే సిద్ధపరచిన సంస్థ ఒకటి ఉండడం, తన దేశం ఆ ఒప్పందంలో చేరకపోవడం ఆమెను ఆశ్చర్యపరచాయి. 1870లో ఫ్రాన్సు, ప్రష్యాల మధ్య యుద్ధం రాగా, ముట్టడిలో నాశనమైన స్ట్రాస్‌బర్గ్ నగరంలో పనిచేసింది. అక్కడి బీదస్త్రీలకు బట్టలను దానంగా పంచడానికి బదులు కుట్టుపని ఇచ్చి కూలి ముట్టజెప్పింది. ఆకలితోపాటు ఆత్మగౌరవాన్ని కూడ కనిపెట్టిన సేవ అది.

స్వదేశానికి వచ్చి ఆమె అధ్యక్షుల గుమ్మాలు తట్టింది. 1877లో హేయస్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. యుద్ధం మరల రాదని తలచేవారికి యుద్ధకాలపు ఒప్పందం అనవసరంగా తోచింది. అందువల్ల ఆమె క్రొత్త వాదం లేవదీసింది. వరదలు, అగ్నిప్రమాదాలు, కరవులు, అంటురోగాలు యుద్ధం కోసం ఆగవు. ఆ వేళల కూడ ఈ సంస్థ పనిచేయాలన్నది ఆ వాదం. 1881 మే 21న అమెరికా రెడ్‌క్రాస్ స్థాపితమైంది. 1882 మార్చిలో ఆ దేశం జెనీవా ఒప్పందంలో చేరింది. శాంతికాల సేవ అనే ఆమె భావాన్ని 1884లో జెనీవా సమావేశం ఆమోదించింది. 1889లో రెండువేలకుపైగా ప్రాణాలు తీసిన జాన్స్‌టౌన్ వరదలో ఆమె ఐదు నెలలు ఉన్నది. 1896లో ఇస్తాంబుల్ చేరి ఉస్మానియా ప్రభుత్వాధికారులతో మాట్లాడి, ఆపదలో ఉన్న ఆర్మీనియనులకు ఆహారం, మందులు, వైద్యులను పంపింది. డెబ్బయి ఆరేళ్ళ వయస్సులో క్యూబా యుద్ధభూమిలో, డెబ్బయి ఎనిమిదేళ్ళ వయస్సులో గాల్వెస్టన్ తుపాను శిథిలాలలో కనిపించింది.

ఆమెలో లోపాలు లేవని చెప్పడం చరిత్రకు ద్రోహం. ఒంటరిగా బండ్లు నడిపిన అలవాటు సంస్థను నడిపేటప్పుడు కూడ పోలేదు. అధికారాన్ని ఇతరులతో పంచుకోవడం ఆమెకు కష్టమయ్యేది. లెక్కలు సరిగా లేవన్న విమర్శ వచ్చింది. అంతఃకలహాలు పెరిగి 1904లో ఆమె పదవి విడువవలసివచ్చింది. అప్పటికి ఆమె వయస్సు ఎనభై రెండు. అంతటితో ఇంట కూర్చుండక మరుసటి ఏడాది ప్రథమచికిత్స నేర్పే సంఘాన్ని నెలకొల్పింది. 1912 ఏప్రిల్ 12వ తేదీన గ్లెన్ ఎకో గ్రామంలో తొంభయ్యవ ఏట పరమపదించింది. ఆమె విడిచిపోయిన సంస్థ ఆమె లేకుండానే నిలిచింది, పెరిగింది. ఏ నిర్మాతకైనా ఇంతకన్నా గొప్ప స్మారకం లేదు.

నేడు రెడ్‌క్రాస్, రెడ్‌క్రెసెంట్ అను రెండు చిహ్నాలు ఒకే సేవకు గుర్తులై లోకమంతట కనిపిస్తున్నాయి. భారతీయ రెడ్‌క్రాస్ సంఘం 1920లో చట్టరీత్యా ఏర్పడింది. మన తెలుగు తీరానికి తుపానులు క్రొత్త కావు. 1977 నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెనను పెద్దలు ఇంకా మరువలేదు. అటువంటి వేళ జాలి ఒక్కటే చాలదు; శుద్ధమైన నీరు, కట్టుగుడ్డ, లాంతరు, పేర్ల పట్టిక కావాలి. వాటిని ముందే సమకూర్చుకొనే బుద్ధి కావాలి. బిడియస్తురాలైన ఒక బడిపంతులమ్మకు అది సాధ్యమైనప్పుడు, చదువుకొంటున్న మన విద్యార్థినీ విద్యార్థులకు అసాధ్యం ఎందుకవుతుంది? ప్రథమచికిత్స నేర్చుకోవడంతో ఆ దారిలో మొదటి అడుగు వేయవచ్చు.